డేట్స్ ఇచ్చే ముందు: సీరియల్ అవకాశం, ఉద్యోగం, పెళ్ళి

ప్రశ్న: నా వయసు 26. మాది రాజమహేంద్రవరం. మూడేళ్ళుగా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను, చేతికి 42 వేలు వస్తుంది. నేను నటించిన ఒక షార్ట్ ఫిల్మ్ చూసి ఆడిషన్‌కి పిలిచారు. పాత్ర వేషంలో ఎలా ఉంటానో చూసే లుక్ టెస్ట్ కూడా అయింది. డైలీ సీరియల్లో డబ్బున్న ఇంటి హీరోకి పెళ్ళికాని చెల్లెలి పాత్ర, కాస్త నెగటివ్ షేడ్. రోజుకి 6 వేలు, నెలకి పన్నెండు రోజులు పని ఉంటుందని మేనేజర్ ఫోన్లో చెప్పారు. అగ్రిమెంట్ సంగతి అడిగితే "అదెంతసేపమ్మా, ముందు జాయినవ్వండి" అంటున్నారు. ఐదు నెలల్లో నా పెళ్ళి. అబ్బాయికి అభ్యంతరం లేదు. అత్తగారు మాత్రం "ఒక్క ఏడాది చేసి మానేస్తానని మాటివ్వమ్మా" అంటున్నారు. ఉద్యోగం మానేయాలా? ఆ మాట ఇవ్వాలా? - ఒక పాఠకురాలు

సమాధానం: పాత్ర ఒప్పుకోండి. ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా చేయకండి. అత్తగారికి ఏడాది మాట మాత్రం ఇవ్వకండి. మూడింటికీ కారణం ఒకటే. సీరియల్ వాళ్ళు మీ దగ్గర కొంటున్నది మీ డేట్స్, అంటే షూటింగ్ కోసం మీరిచ్చే రోజులు. అవి ఎవరి చేతిలో ఉంటాయో తేలేదాకా జీతం లెక్క గానీ, పెళ్ళి ముహూర్తం గానీ, ఇంట్లో ఇచ్చిన మాట గానీ ఏదీ నిలబడదు.

"నెలకి పన్నెండు రోజులు" అంటే వినడానికి ఉద్యోగం కంటే హాయిగా ఉంటుంది. ఆ పన్నెండూ ఏ రోజులో ముందే తెలియదు, చిక్కంతా అక్కడే. డైలీ సీరియల్ అంటే సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు ఎపిసోడ్లు, ఏడాదికి మూడొందల పైచిలుకు. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ ఉండాలి. యూనిట్ రోజుకి ఇంచుమించు ఒక ఎపిసోడ్‌కి సరిపడా తీస్తేనే బండి నడుస్తుంది. చేతిలో ఎపిసోడ్ల బ్యాంకింగ్, అంటే ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్లు ఉన్నంతకాలం షెడ్యూల్ పద్ధతిగా సాగుతుంది. లీడ్ ఆర్టిస్ట్‌కి జ్వరమొచ్చినా, షూటింగ్ ఇల్లు దొరక్కపోయినా ఆ బ్యాంకింగ్ కరిగిపోతుంది. అప్పుడు రేపు రాత్రి టెలికాస్ట్ కావాల్సిన సీను ఇవాళ తీస్తుంటారు. రాత్రి తొమ్మిదింటికి మీకు ఫోన్ వస్తుంది, "రేపు పొద్దున్న ఏడున్నరకి మేకప్" అని. పైగా సీరియల్ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగ్ గురువారం గురువారం వస్తుంది. మీ ట్రాక్, అంటే మీ పాత్ర చుట్టూ తిరిగే కథ, నడిచిన వారం నంబర్ పెరిగితే పన్నెండు రోజులు ఇరవై అవుతాయి. పడిపోతే చెల్లెలు చదువు పేరుతో హాస్టల్‌కి వెళ్ళిపోతుంది, మీకు నెలకి మూడు రోజులు మిగులుతాయి. ఇందులో ఎవరి కుట్రా ఉండదు. వారం వారం రాసుకుంటూ పోయే కథ కాబట్టి అలా జరుగుతుంది.

అందుకే అగ్రిమెంట్ "తర్వాత" అంటే కుదరదు. వంద ఎపిసోడ్లు అయ్యాక అది ముందుకొచ్చేసరికి మీకు ఉద్యోగం ఉండదు, మీ ముఖం ఆ సీరియల్‌కి ముడిపడిపోయి ఉంటుంది, బేరమాడే బలం పోతుంది. ఇప్పుడైతే లుక్ టెస్ట్ ఓకే అయింది, వాళ్ళకి మనిషి కావాలి. అడగాల్సిన సమయం ఇదే.

కొత్తగా వచ్చినవాళ్ళు రోజు రేటు గురించే పట్టుబడతారు. దానికంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. అన్నిటికంటే ముందు కనీస రోజుల హామీ: పని ఉన్నా లేకపోయినా నెలకి ఇన్ని రోజులకి డబ్బు ఇస్తామని. కొత్త నటికి ఇది ఇవ్వడానికి తొందరగా ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఇంకో మెట్టు దిగి అడగండి: తీసుకున్న డేట్‌ని ముందురోజు సాయంత్రం తర్వాత క్యాన్సిల్ చేస్తే సగం రోజు డబ్బు. అదీ కాదంటే, ఆ సీరియల్ నడిచినంతకాలం వేరే ఛానల్లో చేయకూడదన్న షరతుకి మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు. రోజులు ఇవ్వకుండా మనిషిని కట్టిపడేయడం న్యాయం కాదు, ఈ మాట మర్యాదగానే చెప్పొచ్చు. అగ్రిమెంట్ ముగిసిన తర్వాత కూడా కొంతకాలం ఇంకెక్కడా నటించకూడదని రాస్తే దాన్ని కొట్టేయించండి. అలాంటి షరతు భారత కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు మామూలుగా నిలబడదు. కానీ కాగితం మీద ఉంటే భయపెట్టడానికి పనికొస్తుంది.

డబ్బు ఎప్పుడిస్తారన్న వాక్యాన్ని రెండుసార్లు చదవండి. "షూటింగ్ జరిగిన తేదీ నుంచి 60 రోజులు" వేరు, "టెలికాస్ట్ అయిన తేదీ నుంచి 60 రోజులు" వేరు. మూడు వారాల బ్యాంకింగ్ ఉంటే రెండో పద్ధతిలో మీ డబ్బు ఇంకో మూడు వారాలు వెనక్కి పోతుంది. తీసిన సీను ఎడిటింగ్‌లో పోయి టెలికాస్టే కాకపోతే ఆ రోజు లెక్కలో ఉంటుందా ఉండదా అన్న గొడవ వేరే. కాబట్టి షూటింగ్ తేదీ అనే రాయించుకోండి. కాల్‌షీట్ అంటే ఒక రోజు షూటింగ్ వేళ. అది ఎన్ని గంటలు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, అది దాటితే ఏమిస్తారు, అదీ రాతలో ఉండాలి. ఇద్దరిలో ఎవరు మానుకోవాలన్నా 30 నుంచి 45 రోజుల నోటీసు పెట్టించండి. ఇది లేకపోతే మీరు మానేస్తానన్న రోజు నుంచి పాత బకాయిలు ఆగిపోతాయి, రెండు మూడు నెలల డబ్బు మీరు వదులుకోవాల్సి వస్తుంది. ఏడాది దాటాక రేటు ఎంత పెరుగుతుందో ఇప్పుడే అంకె వేయించండి. పండగ ప్రోగ్రాములు, ఛానల్ ఈవెంట్లు, ప్రోమో షూట్లు రోజు లెక్కలోకి వస్తాయా, ఉచితమా అన్నదీ అడగండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు మాత్రం ఎవరడిగినా, ఏ పేరుతో అడిగినా ఇవ్వకండి.

మీకున్న ఒక అనుకూలత గురించి మీరు రాయలేదు. మీరు తెలుగువారు. మన సీరియళ్ళలో కన్నడ, మలయాళ నటీమణులు చాలామంది ఉన్నారు. సెట్లో పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ ప్రాంప్టింగ్ ఇస్తుంటే డైలాగ్ చెప్తారు, తర్వాత డబ్బింగ్ ఆర్టిస్ట్ గొంతు ఇస్తుంది. మీ పాత్రకి మీరే డబ్బింగ్ చెప్పుకుంటానని అడగండి. దాని పారితోషికం విడిగా మాట్లాడుకోండి, ఎందుకంటే డబ్బింగ్ రోజు షూటింగ్ రోజు కాదు, ఆ సమయం కూడా మీదే. నెగటివ్ షేడ్ ఉన్న పాత్రకి సగం బలం గొంతులోనే ఉంటుంది. ఇంకొకరి గొంతుతో వచ్చిన పేరు తర్వాతి అవకాశానికి మీ వెంట పూర్తిగా రాదు.

ఇక డబ్బు లెక్క. 6 వేల చొప్పున పన్నెండు రోజులకి 72 వేలు. అందులో పది శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) 7,200 కోస్తారు, 64,800 మిగులుతుంది. మధ్యలో మేనేజర్ కమీషన్ ఉంటే అదీ పోతుంది. అది రోజు రేటులోంచా, వచ్చిన మొత్తంలోంచా, ఎన్నాళ్ళ పాటు అన్నది ముందే తేల్చుకోండి. ఇప్పుడు బట్టలు. మన సీరియళ్ళలో ఎక్కువ చోట్ల చీరలు, డ్రెస్సులు, నగలు ఆర్టిస్టులే తెచ్చుకోవాలి. డబ్బున్న ఇంటి అమ్మాయి పాత్ర కదా, ఒకే డ్రెస్ తిప్పి తిప్పి వేసుకోనివ్వరు. చీరలు, జాకెట్ కుట్టు, ఫాల్స్, ఇస్త్రీ, డ్రై క్లీనింగ్, గిల్టు నగలు కలిపి మొదటి రెండు నెలలు నెలకి 15 వేలు పక్కన పెట్టుకోండి. క్యాబ్ ఖర్చు పోను మంచి నెలలో మీ చేతిలో 42 వేలకి అటూ ఇటూగా మిగులుతుంది. ఇప్పటి జీతమంతే! ట్రాక్ తగ్గి నాలుగు రోజులే వస్తే 24 వేలకి టీడీఎస్ పోను 21,600. బట్టల ఖర్చు మాత్రం అంతగా తగ్గదు. ఆ డబ్బు కూడా రెండు మూడు నెలల తర్వాత వస్తుంది. జూన్‌లో చేసిన పనికి ఆగస్టు ఆఖర్లోనో సెప్టెంబర్లోనో ఖాతాలో పడుతుంది. పని ఆగితే ఏమవుతుందో 2020లో అందరూ చూశారు. మార్చిలో షూటింగులు ఆగిపోయాయి, జూన్‌లో అనుమతి వచ్చేదాకా రోజువారీ లెక్కన పనిచేసే ఆర్టిస్టుకి పనీ లేదు, దాని డబ్బూ లేదు.

కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నాకే జీతం వదలండి. మీ నెల ఖర్చు 25 వేలు అనుకుంటే లక్షన్నర. పెళ్ళి ఖర్చుకి దాచినది ఇందులో లెక్కపెట్టకండి. కోసిన టీడీఎస్ సంగతి చాలామంది మర్చిపోతారు. నెలకి 72 వేల చొప్పున ఏడాదికి 8,64,000, కోత 86,400. ఇప్పటి కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను పడదు కాబట్టి ఇది మీ డబ్బే, కానీ రిటర్న్ వేస్తేనే వెనక్కి వస్తుంది. కొందరు నిర్మాతలు కోస్తారు, ప్రభుత్వానికి కట్టరు. మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను వెబ్‌సైట్లో మీ పాన్ మీద ఎంత జమైందో చూసుకుని, తేడా ఉంటే అకౌంటెంట్‌కి అప్పుడే మెయిల్ పెట్టండి. ఏడాది ఆఖర్లో అడిగితే "ఆ ప్రొడక్షన్ మేనేజర్ ఇప్పుడు లేడమ్మా" అంటారు. మేకప్ సామాను, బట్టలు, డ్రై క్లీనింగ్ బిల్లులు దాచి ఆడిటర్‌కి ఇవ్వండి. జీఎస్‌టీ అంటే ఏడాది ఆదాయం 20 లక్షలు దాటినప్పటి మాట, ఇప్పుడు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

ఉద్యోగం విషయంలో పద్ధతి ఇలా పెట్టుకోండి. కంపెనీకి తెలియకుండా రెండూ చేయాలని చూడకండి. రోజూ రాత్రి టీవీలో కనిపించే ముఖం దాగదు. మీ అపాయింట్‌మెంట్ లెటర్లో రెండో పని చేయకూడదన్న నిబంధన ఉండే ఉంటుంది. దాన్ని తప్పితే రిలీవింగ్ లెటర్ దగ్గర ఇబ్బంది పడతారు. జీతం లేని సెలవు మూడు నెలలు రాతపూర్వకంగా అడగండి. ఎందుకు మూడు నెలలంటే, మొదటి పేమెంట్ రావడానికే రెండు నెలలు దాటుతుంది, పైగా కొత్త ఆర్టిస్ట్‌ని మార్చేయాలనుకుంటే చాలావరకు మొదటి షెడ్యూళ్ళలోనే మార్చేస్తారు. ప్రోమో వచ్చాక ప్రసారం వాయిదా పడే సీరియళ్ళూ ఉంటాయి. మీ ఎపిసోడ్లు టెలికాస్ట్ అయి, మొదటి పేమెంట్ ఖాతాలో పడి, అప్పటికీ మీకు డేట్స్ వస్తుంటే, అప్పుడు రాజీనామా. సెలవు ఇవ్వనంటే నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో చూసుకుని, అగ్రిమెంట్ మీద రెండు పక్షాల సంతకాలూ పడిన మర్నాడు రాజీనామా పెట్టండి, ఒక్క రోజు ముందు కూడా వద్దు.

మానేసే ముందు రెండు పనులు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప మామూలు జబ్బులకి వర్తించదు, ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. రెండోది, మీరూ మీకు కాబోయే ఆయనా ఫ్లాట్ కొనే ఆలోచనలో ఉంటే అప్పుకి దరఖాస్తు విషయం ముందే మాట్లాడుకోండి. జీతం స్లిప్ ఉన్న మనిషినీ, నటినీ బ్యాంకు ఒకేలా చూడదు. నటికైతే రెండు మూడేళ్ళ రిటర్న్‌లు అడుగుతుంది.

సెట్లో పని గురించి ఒక్క సంగతి దగ్గరగా చూపిస్తాం, ఎందుకంటే కొత్తవాళ్ళకి తిట్లు ఎక్కువగా పడేది ఇక్కడే: కంటిన్యుటీ. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం సీక్వెన్స్ అనుకోండి. కథలో అది ఒక్క పూట. టెలికాస్ట్‌లో ఎనిమిది ఎపిసోడ్లు. తీసేది మూడు వారాల్లో విడివిడిగా ఐదారు రోజులు. ఆ మూడు వారాలూ మీరు అదే పట్టుచీర, అదే జాకెట్, అదే జుమ్కీలు, కుడి చేతికి ఎన్ని గాజులో అన్నే గాజులు, అదే సైజు బొట్టు, జడలో అంతే పొడుగు మల్లెపూలు. మొదటి రోజు పమిట ఆరు కుచ్చిళ్ళు పెట్టి పిన్ను పెట్టుకుని, పదో రోజు ఐదు పెట్టుకుంటే పక్కపక్క షాట్లలో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అప్పుడు డైరెక్టర్ కేక అసిస్టెంట్ మీద పడుతుంది, అసిస్టెంట్ వచ్చి మీ మీద పడతాడు. అందుకని ఆ రోజు షూటింగ్ అయిపోయిందని ప్యాకప్ చెప్పగానే బట్టలు మార్చుకోకుండా మీ ఫోన్లో ఐదు ఫోటోలు తీయించుకోండి: ముందు, వెనక, రెండు పక్కలు, చాపిన రెండు చేతులు. ఆ చీరా జాకెట్టూ నగలూ గాజులూ ఒకే జిప్ కవర్లో పెట్టి, సీన్ నంబరు, తేదీ రాసిన చీటీ లోపల వేయండి. సీక్వెన్స్ అయిపోయిందని కో-డైరెక్టర్ నోటితో చెప్పేదాకా ఆ కవర్ విప్పకండి, ఆ చీర ఎవరికీ ఇవ్వకండి, డ్రై క్లీనింగ్‌కి వేసేముందు తిరిగొచ్చే రోజు అడగండి. జాకెట్ ఒకే గుడ్డలో రెండు కుట్టించుకుంటే చెమట బాధ సగం తగ్గుతుంది. జుట్టు కత్తిరించడం, రంగు వేయడం, కనుబొమ్మలు సన్నం చేయించడం అన్నీ ఇకమీదట అడిగి చేయాల్సిన పనులే.

ఏడుపు సీన్ల గురించి కూడా ఒక మాట. గ్లిసరిన్ కంటి కింది రెప్ప అంచు దగ్గర రాయాలి, కంట్లో వేయకూడదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే అలవాటుంటే ఆ సీన్లకి ముందే తీసేయండి. లేకపోతే ఆ మంట మర్నాటి షూటింగ్ దాకా ఉంటుంది, ఎర్రటి కళ్ళు క్లోజప్‌లో దాగవు.

పెళ్ళి దగ్గరికొద్దాం. ముహూర్తం తేదీ ఇవాళే మెయిల్లో పెట్టండి. "ఇంకా ఐదు నెలలుంది కదా" అని ఆగకండి. కథ రాసేవాళ్ళకి రెండు మూడు నెలల ముందు తెలిస్తే చెల్లెల్ని ఏ ఊరికో పంపించి మీకు ఖాళీ ఇవ్వగలరు. రెండు వారాల ముందు చెప్తే అప్పటికే మిమ్మల్ని మధ్యలో పెట్టి ఒక సీక్వెన్స్ మొదలై ఉంటుంది. పెళ్ళికి ముందు పది రోజులు, తర్వాత పదహారు రోజుల పండగ దాకా డేట్స్ ఇవ్వలేనని రాయండి.

ముందు పది రోజులు ఎందుకంటే గోరింటాకు. పెళ్ళికూతురి చేతికి మోచేతుల దాకా పెట్టిన గోరింటాకు వారం, పది రోజులు ఎర్రగా ఉంటుంది, పూర్తిగా పోవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. సగం తీసిన సీక్వెన్స్ వదిలేసి వెళ్తే తిరిగొచ్చాక ఆ చేతులతో ఆ సీను కలవదు. వెళ్ళే ముందు షెడ్యూల్లోనే మీ సీక్వెన్సులన్నీ ముగించమని కో-డైరెక్టర్‌ని అడగండి. తర్వాత పదహారు రోజులు ఎందుకంటే తాళి. తెరమీద మీరు పెళ్ళికాని అమ్మాయి. పసుపుతాడు మెడ వెనక కనబడుతుంది, తీయమంటే మీకూ బాధ, ఇంట్లోవాళ్ళకీ బాధ. చాలా ఇళ్ళలో పదహారు రోజుల పండగకి సూత్రాలు బంగారు గొలుసులోకి మారుస్తారు. గొలుసైతే మెడ మూసిన జాకెట్, కాలర్ ఉన్న కుర్తా కింద ఉండిపోతుంది. పెళ్ళికి ముందే అలాంటి జాకెట్లు అరడజను కుట్టించుకోండి. మెట్టెలకి సాక్సులు, షూ ఉన్న డ్రెస్సులు అడగొచ్చు. ఇవన్నీ సెట్లో రోజూ ఎవరో ఒకరు పడే ఇబ్బందులే, కాస్ట్యూమర్‌కి ముందుగా చెప్తే దారి చూపిస్తారు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. మన సీరియళ్ళలో పెళ్ళి ట్రాక్ రాని చెల్లెలు పాత్ర అరుదు. మీ అసలు పెళ్ళికి ముందే తెర మీద మీ మెడలో తాళి పడే సీను రావచ్చు, ఆ తర్వాత మొదటి రాత్రి సీను రావచ్చు. మీ అమ్మగారూ అత్తగారూ అది టీవీలో చూస్తారు. ఎంతవరకు చేస్తారో, ఏది చేయరో మీరూ ఆయనా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకుని, దాన్ని డైరెక్టర్‌కి కథ చెప్పించుకునే రోజునే చెప్పండి. సెట్లో లైటింగ్ అయ్యాక "నేను చేయను" అంటే యూనిట్ మొత్తం ఆగుతుంది, మీకు చెడ్డపేరు వస్తుంది. ముందే చెప్తే షాట్ పద్ధతి మార్చుకుంటారు.

కాబోయే ఆయనకి అభ్యంతరం లేదన్నారు, సంతోషం. కానీ ఆయన దేనికి ఒప్పుకున్నారో ఆయనకి తెలుసా? తొమ్మిది నుంచి తొమ్మిది కాల్‌షీట్ అంటే పొద్దున్న ఆరున్నరకి బయల్దేరి, మేకప్ తీసి ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. సెట్ రామోజీ ఫిల్మ్ సిటీలో పడితే గచ్చిబౌలి వైపు నుంచి రావడానికీ పోవడానికీ చెరో గంటన్నర వేసుకోండి. సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తారింటికి రావాలి కదా. పండగ మూడు రోజులూ సెలవు దొరుకుతుంది, కానీ ఆ సెలవు కోసం బ్యాంకింగ్ నింపాలి గనుక ముందు రెండు వారాలూ విడవకుండా షూటింగ్ ఉంటుంది, పండగ స్పెషల్ ప్రోగ్రాం షూటింగ్ కూడా అప్పుడే. శ్రావణమాసంలోనూ ఇంతే. ఇవి ఆయనకి మాటల్లో చెప్పడం కంటే, మొదటి నెల మీకొచ్చిన డేట్స్‌ని ఇద్దరి ఫోన్లలో ఒకే క్యాలెండర్లో వేసి చూపించండి. నెల తిరిగేసరికి ఎన్ని మారాయో ఆయనే చూస్తారు. ఆ తర్వాత కూడా అభ్యంతరం లేదంటే అది నిజమైన ఒప్పుకోలు. పిల్లల విషయం కూడా ఇందులో కలిపే మాట్లాడుకోండి. రోజు లెక్కన పనిచేసే నటికి జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంటుందని లెక్క వేసుకోకండి, ఆ నెలలకి దాచుకున్న డబ్బే దిక్కు.

అత్తగారి మాటకి వద్దాం. ఆవిడ అడిగినదాంట్లో తప్పు లేదు, కోడలు ఇంట్లో కనబడాలని ఏ అత్తగారైనా అనుకుంటారు. కానీ సీరియల్ ఎన్నాళ్ళు నడుస్తుందో నిర్మాతకే తెలియదు. కొన్ని వంద ఎపిసోడ్లకే ఆగిపోతాయి. కార్తీక దీపం 2017లో మొదలై 2023 దాకా నడిచింది. మీరు ఏడాది మాటిచ్చి, ఆ ఏడాదికి సరిగ్గా మీ ట్రాక్ మంచి ఊపులో ఉంటే మానేయలేరు. ఇంట్లో మాట తప్పినవారవుతారు, అది చాలాకాలం గుర్తుంటుంది. ఇలా చెప్పి చూడండి: "అత్తయ్యా, ఎన్నాళ్ళు నడుస్తుందో నా చేతిలో లేదు, అందుకని ఏడాది అని మాటివ్వలేను. నా చేతిలో ఉన్నది చెప్తాను. పండగలకి ఇంట్లో ఉంటాను, షూటింగ్ ఏ రోజుల్లో పడిందో తెలియగానే ముందు మీకే చెప్తాను, ఒక సీరియల్ ఉండగా రెండోది ఒప్పుకోను." ఈ మూడూ మీరు నిలబెట్టుకోగలిగినవి. వీలైతే ఒకరోజు ఆవిడని సెట్‌కి తీసుకెళ్ళండి. కూర్చోడానికి కుర్చీ, ప్రొడక్షన్ వాళ్ళ టీ, పది గంటలసేపు ఒకే గదిలో తీస్తున్న రెండు సీన్లు చూస్తే ఆవిడకున్న సగం అనుమానాలు పోతాయి.

నెగటివ్ పాత్ర కాబట్టి బంధువుల పెళ్ళిళ్ళలో "మీ కోడలు అలా చేస్తుందేంటి" అని అడిగేవాళ్ళుంటారు, అది పాత్ర పండిందనడానికి గుర్తు, అత్తగారికి ముందే చెప్పి ఉంచండి. ఇన్‌స్టాగ్రామ్‌లో తిట్లు మాత్రం మీరు చదవకండి. కామెంట్లు చూసే పని చెల్లికో స్నేహితురాలికో అప్పగించండి. ఫోటోలు మార్ఫ్ చేసి పెడితే స్క్రీన్‌షాట్, లింకు దాచి 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఫాలోవర్లు పెరగగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్ళు వస్తారు, ఒక్క రీల్‌కి మీ నెల సంపాదన ఇస్తామంటారు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇలాంటి ప్రచారం చేసిన నటులు, ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద పోలీసు కేసులు పడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఎంతిచ్చినా వద్దనండి.

ఎవరైనా హద్దు మీరి ప్రవర్తిస్తే తేదీ, సమయం, ఎవరున్నారు అన్నది అదే రాత్రి ఒక స్నేహితురాలికి మెసేజ్‌గా రాసి పెట్టండి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013 చట్టం రోజు లెక్కన పనిచేసేవారికీ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళొచ్చు. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు. హైదరాబాద్‌లో మహిళల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, తక్షణ సహాయానికి 112. నిద్ర పట్టక, పని ఆగిపోయి మనసు కుంగినట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రి ప్యాకప్ ఆలస్యమైన రోజున ఇంటిదాకా వాహనం ప్రొడక్షనే ఇవ్వాలన్నది కూడా అగ్రిమెంట్ మాటల్లో కలపండి.

ఇప్పుడు చేయాల్సింది ఒక మెయిల్. ఫోన్లో కాదు, రాతలోనే. ఇలా పంపండి: "నమస్కారమండీ. పాత్రకి నన్ను ఎంపిక చేసినందుకు ధన్యవాదాలు. ఫోన్లో అనుకున్నట్టు రోజుకి 6 వేలు, నెలకి పన్నెండు రోజులు. షూటింగ్ తేదీ నుంచి 60 రోజుల్లో పేమెంట్, కాల్‌షీట్ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది, రాత్రి ఇంటిదాకా వాహనం, రెండు వైపులా 30 రోజుల నోటీసు, డబ్బింగ్ నేనే చెప్పడం, దాని పారితోషికం విడిగా అన్నవి అగ్రిమెంట్లో ఉండాలని కోరుతున్నాను. నా పెళ్ళి ఫలానా తేదీన. దానికి ముందు పది రోజులు, తర్వాత పదహారు రోజులు డేట్స్ ఇవ్వలేను. అగ్రిమెంట్ కాపీ పంపితే చదివి మూడు రోజుల్లో సంతకం చేసి ఇస్తాను. మొదటి షెడ్యూల్ తేదీలు కూడా తెలియజేయగలరు."

ఇందులో రెండు మూడింటికి వాళ్ళు కాదంటారు, దాని మీద మాట్లాడుకోవచ్చు. డబ్బు గడువు, నోటీసు, పెళ్ళి తేదీలు ఈ మూడింటి దగ్గర మాత్రం తగ్గకండి. జవాబు రాతలో వచ్చేదాకా ఆఫీసులో సెలవు గురించి తప్ప ఇంకే మాటా ఎత్తకండి.